దాచిన విత్తు, కొన్న విత్తు: నడిగడ్డ పరిసరాల విత్తన చరిత్ర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలు 2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి వేరుపడి జిల్లాలయ్యాయి. ఈ మెట్టనేలలో ఒకప్పుడు జొన్న, కొర్ర, కంది విత్తనాలను రైతులే దాచుకొనేవారు. మేలైన కంకులను, కాయలను ఏరి, ఎండబెట్టి, బూడిద గాని వేపాకు గాని కలిపి కుండలలో భద్రపరచేవారు.

1970లో సూరత్‌లో హెచ్-4 సంకర పత్తి వంగడం విడుదలైంది. అప్పటినుండి పత్తి విత్తనోత్పత్తి ప్రత్యేక వృత్తిగా ఎదిగింది. కాలక్రమంలో కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమ, అనగా నడిగడ్డ, దానికి ముఖ్యకేంద్రమైంది. సాయంత్రం ఆడమొక్క మొగ్గలలోని కేసరాలను తొలగించి, మరునాటి ఉదయం మగమొక్క పుప్పొడిని అద్దే పని ఇక్కడ చేతులతోనే సాగుతుంది. అయితే సంకర విత్తనపు గుణం రెండవ తరంలో నిలువదు. కనుక సాగుచేసే రైతు ఏటా కొనవలసిందే. ఇతరులకు విత్తనమిచ్చే నేలలోనే విత్తనం దాచుకొనే అలవాటు సడలడం ఈ చరిత్రలోని వైరుధ్యం.

విత్తనాలను దాచుకొనే, పంచుకొనే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం గుర్తించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధి జొన్న, సజ్జ, కంది వంగడాలను శీతలగదులలో కాపాడుతోంది. కాని ఏ కంకిని ఏరాలి, ఎంత ఎండబెట్టాలి అన్న తెలివిడి శీతలగదిలో నిలువదు. అది పల్లె పెద్దల మాటలలో ఉంది. ఆ మాటలను సేకరించడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం.