ఆ పదిమంది ఇచ్చిన తేదీ

ఏటా అక్టోబరు 21న హైదరాబాద్ గోషామహల్ స్టేడియంలో పోలీసు అమరవీరుల సంస్మరణ పరేడ్ జరుగుతుంది. జిల్లా కేంద్రాల్లోని పోలీసు పరేడ్ గ్రౌండ్లలోనూ అంతే. జవాన్లు తుపాకులు తలకిందులుగా పట్టి నిలబడతారు. బ్యూగిల్ మోగుతుంది. ఏడాదికాలంలో దేశమంతటా విధి నిర్వహణలో ప్రాణాలు వదిలిన పోలీసుల పేర్లను స్మరిస్తారు. దొంగను తరుముతూ పోయినవారు, దొమ్మీలో చిక్కుకున్నవారు, మందుపాతరకు బలైనవారు, అందరికీ అదే రోజు.

ఆ తేదీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకింకా తగ్గలేదు. దానికి దొంగతో గానీ, దొమ్మీతో గానీ, ఏ ఊరి స్టేషన్‌తో గానీ సంబంధం లేదు. లద్దాఖ్‌లో 16,000 అడుగుల ఎత్తున, జనావాసమన్నదే లేని చోట, చైనా సైన్యం కాల్పుల్లో పదిమంది మన పోలీసులు చనిపోయిన రోజది.

సరిహద్దులో పోలీసులేమిటన్న సందేహం ఎవరికైనా వస్తుంది. 1959 చివరిదాకా టిబెట్ వైపు మన సరిహద్దు, దాదాపు 2,500 మైళ్లు, పోలీసుల కాపలాలోనే ఉండేది. చైనా 1950లోనే టిబెట్‌లోకి వచ్చింది. 1957 నాటికి అక్సాయ్ చిన్ మీదుగా రోడ్డు వేసుకుంది. 1959 మార్చిలో దలైలామా మన దేశానికి వచ్చారు. ఆగస్టులో ఈశాన్యాన లాంగ్జూ దగ్గర కాల్పులు జరిగాయి. ఇన్ని జరిగినా లద్దాఖ్ ఈశాన్య మూలన నిలబడింది మాత్రం కేంద్ర రిజర్వు పోలీసులూ, ఇంటెలిజెన్స్ బ్యూరో మనుషులే.

ఆ కేంద్ర రిజర్వు పోలీసు దళం పుట్టింది 1939లో, నీమచ్‌లో. సంస్థానాల్లో అల్లర్లు చెలరేగితే అణచడానికి తెల్లవాళ్లు పెట్టుకున్న దళమది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ఇప్పటి పేరు వచ్చింది. ఎండ మండే నేల మీద జనాన్ని అదుపు చేయడానికి పుట్టిన దళాన్ని, ఊపిరాడని మంచుకొండల మీద ఒక దేశపు సైన్యానికి ఎదురుగా నిలబెట్టాం. ఇది మరవకూడని సంగతి.

హాట్ స్ప్రింగ్స్ అన్న పేరు 2020లో గల్వాన్ ఘర్షణల సమయంలో పత్రికల్లో మీరు చదివే ఉంటారు. ఆ పదిమంది కథ మొదలైంది అక్కడే. అక్కణ్ణుంచి లానక్ లా కనుమ వైపు మన పోలీసు బృందం ముందుకు సాగాల్సి ఉంది. దారి చూసి రమ్మని 1959 అక్టోబరు 20న మూడు జట్లను పంపారు. మధ్యాహ్నానికి రెండు జట్లు తిరిగొచ్చాయి. మూడోది రాలేదు. అందులో ఉన్నది ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక సామాన్ల కూలీ. ముగ్గురూ చైనా సైనికులకు చిక్కారు. ఆ సంగతి శిబిరంలో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఉన్నవాళ్లందరూ వెతకడానికి బయలుదేరారు. ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి కరమ్ సింగ్ దాదాపు ఇరవై మందితో పొట్టిగుర్రాల మీద ముందు వెళ్లాడు. మిగతావాళ్లు మూడు జట్లుగా కాలినడకన వెనక నడిచారు. మధ్యాహ్నం వేళ ఒక గుట్ట మీద నుంచి చైనా సైనికులు కాల్పులు మొదలుపెట్టారు. గ్రెనేడ్లు విసిరారు. మనవాళ్లు దాక్కోవడానికి ఒక చెట్టు లేదు, ఒక గోడ లేదు. పదిమంది అక్కడే ప్రాణాలు వదిలారు. గాయపడ్డ ఏడుగురు బందీలయ్యారు. మిగిలినవాళ్లు ఎలాగో బయటపడ్డారు.

చైనా ఆ దేహాలను అప్పగించింది నవంబరు 13న. ఇరవై మూడు రోజులు! పోలీసు లాంఛనాలతో హాట్ స్ప్రింగ్స్‌లోనే దహనం చేశారు.

ఆ తర్వాత సరిహద్దును సైన్యం చేతికిచ్చారు. మూడేళ్లకు, చైనాతో యుద్ధం నడుస్తుండగానే, 1962 అక్టోబరు 24న ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళం పుట్టింది. అంతకు ముందే, 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్లు సమావేశమై అక్టోబరు 21ని దేశంలోని పోలీసులందరి స్మృతిదినంగా పాటించాలని నిర్ణయించారు. హాట్ స్ప్రింగ్స్‌లో స్మారకం కట్టించారు. ఏటా వివిధ రాష్ట్రాల పోలీసులు ఒక బృందంగా అంతెత్తు ఎక్కి, ఆ చోటే నిలబడి వందనం చేసి వస్తారు. ఈ ఆచారమంటే నాకు ఎంతో గౌరవం. మనిషి ఎక్కడ పడిపోయాడో అక్కడికి వెళ్లి తలవంచడం మన నేలకు కొత్తేమీ కాదు.

రాయలసీమ పల్లెల్లో బాణులు, వైదుంబులు, నొలంబుల కాలం నాటి వీరగల్లులు కనిపిస్తాయి. ఊరి ఆలమందను తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవాడికి, ఊరిని కాచి నేలకొరిగినవాడికి నిలిపిన రాళ్లవి. కొన్నింటిలో కింద పోరు, మధ్యలో అప్సరసలు అతణ్ణి తీసుకుపోవడం, పైన శివసాన్నిధ్యం చెక్కి ఉంటాయి. శాసనం ఉంటే అతనెవరో, దేనికోసం పోరాడాడో చెబుతుంది. పేరుతోపాటు పని కూడా రాతికెక్కేది. తర్వాత వందల ఏళ్లు ఊళ్లను కాచిన తలారులకూ, కావలికాండ్రకూ అలాంటి రాయి దక్కడం అరుదైపోయింది. బ్రిటిష్ కాలపు పోలీసు చట్టాలతో కాపలా సర్కారు ఉద్యోగమైంది, మనిషికో నంబరు వచ్చింది.

సర్కారు పోలీసు స్మారకాల్లో చౌరీచౌరాది చిత్రమైన కథ. 1922 ఫిబ్రవరి 4న అక్కడ ఆగ్రహించిన జనం నిప్పుపెట్టిన స్టేషన్‌లో ఇరవై మందికి పైగా పోలీసులు చనిపోయారు. వాళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం స్మారకం కట్టింది. ఆ కేసులో ఉరికంబమెక్కిన 19 మందికి స్వతంత్ర భారతం స్మారకం కట్టింది. రెండూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆ కథలో పోయిన ప్రాణాలన్నీ ఈ దేశపు పేదవాళ్లవే కదా, రెండూ ఉండటమే న్యాయం.

లండన్‌లో పోలీసులు చనిపోయిన చోటే రాయి నిలిపే పని మొదలుపెట్టింది ఒక సినిమా దర్శకుడు. 1984 ఏప్రిల్‌లో లిబియా రాయబార కార్యాలయం ముందు ప్రదర్శనకు కాపలా కాస్తున్న ఇవోన్ ఫ్లెచర్ అనే మహిళా కానిస్టేబుల్‌ను లోపల నుంచి కాల్చి చంపారు. ఆ దర్శకుడు మైఖేల్ విన్నర్ చలించిపోయి పత్రికకు లేఖ రాశారు, ట్రస్టు పెట్టారు. మరుసటి ఏడాదే ఆమె పడిపోయిన చోట రాయి నిలిచింది. తర్వాత మరెందరో పోలీసులకు వాళ్లు ఒరిగిన చోటనే రాళ్లు నిలిపారు. వీరగల్లు సంగతి వినకుండానే ఆయన ఆ పని చేసి ఉంటారు.

మన దేశంలోనూ, ముంబై గిర్‌గావ్ చౌపాటీలో పోలీసు తుకారాం ఓంబ్లే విగ్రహం ఉంది. 2008 ముంబై దాడిలో చేతిలో లాఠీ తప్ప ఏమీ లేకుండా ఉగ్రవాది కసబ్ తుపాకీ గొట్టాన్ని గట్టిగా పట్టుకుని, గుళ్లు తన ఒంట్లోకి దిగుతున్నా వదలని మనిషి. 2021లో మహారాష్ట్రలో కొత్తగా కనుగొన్న ఒక సాలీడు జాతికి శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు.

మన తెలుగు నేల పోలీసులు ఒరిగిన, గుర్తుంచుకోవలసిన చోట్లూ తక్కువేమీ కావు. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని నిర్మించిన కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న ఎల్బీ స్టేడియంలో కాల్చి చంపారు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో లాంచీ మీద జరిగిన దాడిలో 38 మంది పోయారు, ఎక్కువమంది గ్రేహౌండ్స్ జవాన్లు. 1999 సెప్టెంబరు 4న ఎస్.ఆర్. నగర్ సిగ్నల్ దగ్గర ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను చంపారు. ఆ కూడలిలో ఆయన విగ్రహం ఉంది. అదే రోజు, అదే చోట ఆయన గన్‌మన్, డ్రైవర్ కూడా చనిపోయారు. రోజూ ఆ సిగ్నల్ దగ్గర ఆగే వేలమందిలో వాళ్ల పేర్లు చెప్పగలిగేవాళ్లు ఎందరు?

2018లో ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం వచ్చింది. 30 అడుగుల ఎత్తున, 238 టన్నుల బరువున్న ఏకశిల, దాని దగ్గర పేర్ల గోడ. ప్రారంభం నాటికి స్వాతంత్ర్యానంతరం అమరులైనవారి లెక్క 34,844. గొప్ప కట్టడమే, కాదనను. కానీ అంత పెద్ద గోడ మీద పేరు మాత్రమే పడుతుంది. ఫలానా కానిస్టేబుల్ ఏ వాగు దగ్గర, ఎవరిని కాపాడబోయి పోయాడో దాని మీద ఉండదు. వెయ్యేళ్ల కిందట ఆవులమంద కోసం చనిపోయినవాడి కథ రాతి మీద నిలిచింది. పోయిన ఏడాది చనిపోయిన హోంగార్డు కథ ఆ ఇంటివాళ్ల నోట తప్ప ఎక్కడా లేదు. మనం పోగొట్టుకున్నది ఇదే.

దీన్ని సరిదిద్దడానికి కోట్లు అక్కర్లేదు. ప్రతి పోలీసు జిల్లా తన అమరుల స్తూపం మీది ప్రతి పేరు కింద ఒక్క వాక్యం చెక్కించాలి: ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తూ. అమరుల కుటుంబాలతో మాట్లాడి ఆ వాక్యాన్ని రాసే పని మన కళాశాలల చరిత్ర విద్యార్థులకు అప్పగించవచ్చు. మీ ఊరివాళ్లెవరైనా ఆ జాబితాలో ఉంటే, వచ్చే అక్టోబరు 21 దాకా ఆగకండి. ఆ ఇంటికి వెళ్లండి, అడగండి, రాసి పెట్టండి.