సెక్కీ బిళ్లతో సరస్సుల పహరా

సరస్సు నీరు ఎంత తేటగా ఉందో మామూలు పౌరులే క్రమం తప్పకుండా కొలిచి శాస్త్రవేత్తలకు అందించే ఏర్పాటు 1970ల తొలినాళ్లలో అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో స్థిరపడింది. వాళ్లు వాడే పరికరం అంతకు నూరేళ్ల ముందుది. రోమ్‌కు చెందిన జెస్యూట్ ఫాదరీ, ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో పోప్ నౌక మీద మధ్యధరా సముద్రంలోకి వెళ్లి, తెల్లటి బిళ్లలను నీళ్లలోకి దించి, ఎంత లోతున కనుమరుగవుతాయో చూశారు. 1899లో అమెరికాలో ఇంజనీరు జార్జ్ విపుల్ ఆ బిళ్లను నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేయించారు. సరస్సుల్లో నేటికీ ఎక్కువగా వాడేది అదే. అడ్డుకొలత 20 సెంటీమీటర్లు.

పని తేలిక. పడవకు నీడ పడే వైపు, గుర్తులు పెట్టిన తాడుతో బిళ్లను దించుతారు. అది మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు చూసి సగటు రాసుకుంటారు. పొలాల ఎరువులు, మురుగు వల్ల నీళ్లలో భాస్వరం చేరితే నాచు పెరుగుతుంది, బిళ్ల త్వరగా కనబడకుండా పోతుంది.

మెయిన్ రాష్ట్రంలో 1971లో, మిన్నెసోటాలో 1973లో ఈ కార్యక్రమాలు మొదలయ్యాయి. మిన్నెసోటాలో పదెకరాలకు తగ్గని సరస్సులే 11,842. ఇన్నింటికీ వేసవి పొడవునా ఉద్యోగులను పంపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఒడ్డున ఇల్లున్న మనిషికి మాత్రం తన సరస్సును కొలవడం సాధ్యమే. ఏటా అదే చోట, అదే పద్ధతిలో కొలవగలగడమే అతని అసలు బలం.

1977లో సరస్సుల శాస్త్రవేత్త రాబర్ట్ కార్ల్‌సన్ బిళ్ల లోతును సరస్సు పోషక స్థితిని తెలిపే సూచికగా మార్చారు. తేటదనం సగానికి పడిపోయిన ప్రతిసారీ సూచిక 10 పెరుగుతుంది. ఆయనే 1994లో 'సెక్కీ డిప్-ఇన్' పేరుతో వేర్వేరు ప్రాంతాల స్వచ్ఛంద సేవకుల కొలతలను ఒకచోట చేర్చారు. తర్వాత మిన్నెసోటా పరిశోధకులు ఇలాంటి కొలతలతో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను సరిపోల్చి, 1985 నుంచి 2005 వరకు పదివేలకు పైగా సరస్సుల తేటదనాన్ని అంచనా కట్టారు.

బిళ్లకు పరిమితులున్నాయి. ఆకులు నాని టీ రంగు తేలిన నీళ్లలో, బురద కలిసిన నీళ్లలో లోతు తగ్గినంత మాత్రాన నాచు ఉందనలేం. బయటి నుంచి వచ్చిపడ్డ జీబ్రా ఆల్చిప్పలు నీటిని వడగట్టేసిన చోట తేటదనం ఆరోగ్యానికి గుర్తు కాదు. అయినా ఇంత సుదీర్ఘమైన చరిత్రను శాస్త్రానికి ఇచ్చింది ఈ స్వచ్ఛంద సేవకులే. ఎనిమిది అమెరికా రాష్ట్రాల్లోని 3,251 సరస్సుల్లో 1938–2012 మధ్య పౌరులు తీసిన కొలతలను పరిశీలించిన అధ్యయనం 2014లో వెలువడింది. మొత్తంమీద తేటదనం ఏటా ఒక శాతం మేర పెరిగినట్టు అందులో తేలింది.