గన్నేరుపప్పు నుండి డిజాక్సిన్ వరకు: మోతాదు చరిత్ర

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం సీమలో ‘మందు’ అంటే చికిత్సకు వాడేదీ, పురుగును చంపేదీ కూడ. వాడరేవు వంటి తీరగ్రామాలలో పరిచితమైన పచ్చగన్నేరుకూ ఈ ద్వంద్వార్థం వర్తిస్తుంది. అమెరికా ఖండపు ఉష్ణమండలం నుండి వచ్చిన ఈ మొక్క గింజలు తెలుగువారికి విషంగానే తెలుసు. అయితే వాటిలోని గ్లైకోసైడులు గుండెలయ తప్పినవారికి ఇచ్చే డిజాక్సిన్‌కు దగ్గరి బంధువులు. 1950ల చివర వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎస్. రంగస్వామి, ఇ. వెంకటరావు వాటిని రసాయనికంగా పరిశోధించారు. వాటిలో ఒకటైన పెరువోసైడ్‌ను అనంతరం హృద్రోగులపై పరీక్షించారు.

ఈ జాతి ఔషధాల చరిత్ర నిజానికి మోతాదు చరిత్రే. 1785లో ఫాక్స్‌గ్లోవ్ ఆకుపై గ్రంథం వెలువరించిన విలియం విథరింగ్, మోతాదు మించినప్పటి వాంతులను, పసుపుపచ్చగా మారే చూపును, మందగించే నాడిని దాచక నమోదు చేశాడు. ఆ నిజాయితీయే గ్రంథానికి అసలు విలువ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో డిజాక్సిన్ నాడి వేగాన్ని తగ్గిస్తుందే గాని లయను సరిచేయదు. మేలుకూ కీడుకూ నడుమ ఎడం స్వల్పం. మూత్రపిండాలు బలహీనపడినా, నీరు తీసే మాత్రలతో పొటాషియం తగ్గినా, నిన్నటి మోతాదే నేడు విషం కాగలదు. కనుక పాత చీటీతో మందుల షాపులో ఏళ్ళ తరబడి కొనే అలవాటు కంటె రక్తపరీక్ష ముఖ్యం.

2000లో ప్రచురితమైన శ్రీలంక అధ్యయనంలో, డిజాక్సిన్‌కు విరుగుడైన ప్రతిదేహాలే పచ్చగన్నేరు తిన్నవారి గుండెలయను చక్కదిద్దాయి.