బొద్దక్షరాల కూపర్ బ్లాక్

ఈజీజెట్ విమానం మీద పేరు చూసినవాళ్లకు ఆ లావుపాటి గుండ్రటి అక్షరాలు గుర్తుండే ఉంటాయి. 1995లో మొదలైన ఆ సంస్థ ఎంచుకున్న ఫాంటు వయసు అప్పటికే డెబ్బై దాటింది. దాని పేరు కూపర్ బ్లాక్. 1922లో షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఫౌండ్రీ దీన్ని సీసపు అక్షరాలుగా పోతపోసి అమ్మకానికి పెట్టింది.

గీసినవాడు ఓస్వాల్డ్ కూపర్. 1879లో ఒహైయోలో పుట్టి, కాన్సాస్‌లో పెరిగి, బొమ్మలు నేర్చుకుందామని షికాగో చేరాడు. అక్కడి ఫ్రాంక్ హోమ్ చిత్రకళా పాఠశాలలో అక్షరాలు రాయడం నేర్పిన ఫ్రెడరిక్ గౌడీ ఆయన దారి మార్చేశాడు. 1904లో ఫ్రెడ్ బెర్ట్ష్‌తో కలిసి కూపర్ సొంత సంస్థ పెట్టి, ప్రకటనలకు చేత్తోనే అక్షరాలు రాసిచ్చేవాడు. ఆ చేతిరాత మెత్తదనమే కూపర్ బ్లాక్‌లోకి దిగింది. ముందుచూపున్న ప్రెస్సువాళ్లకూ, చూపు సరిగా ఆనని వాళ్ల ఖాతాదారులకూ ఈ అక్షరాలు చేశానని ఆయన చమత్కరించేవాడు. ఫాంటు విపరీతంగా అమ్ముడుపోయింది. పోటీగా ఒకటి కావాలని మోనోటైప్ కంపెనీ అడిగితే, 1925లో గౌడీ హెవీఫేస్ గీసిచ్చింది ఎవరో కాదు, కూపర్ గురువే!

కూపర్ బ్లాక్‌ను పెద్దది చేసి ఒకసారి పరిశీలనగా చూడండి. ఎక్కడా పదునైన మూల కనిపించదు. కాళ్ల అంచులు కూడా నేల మీద బల్లపరుపుగా ఆనవు, ఉబ్బి ఉంటాయి. ‘ఓ’ లోపలి ఖాళీ చిన్నది, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. అంచులన్నీ ముందే మెత్తగా ఉన్నాయి కాబట్టి సిరా కాస్త పాకినా, నాసిరకం కాగితం మీద అచ్చేసినా రూపం చెడదు. చూడ్డానికి ఆటవిడుపుగా ఉన్నా, దాని వెనక గట్టి పనితనం ఉంది.

ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చాక ఇది రెండో జన్మ ఎత్తినట్టయింది. సీసపు దిమ్మెల అడ్డు తొలగిపోవడంతో అక్షరాలను ఒకదానికొకటి ఆనించి, కావాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి కూర్చే వీలు చిక్కింది. 1966లో వచ్చిన బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్ అట్ట మీద, ఆకుపచ్చ పట్టీలో పేర్లు అలా ఒత్తుగా కనిపిస్తాయి. డెబ్బైల్లో టీషర్టుల మీద ఇస్త్రీపెట్టెతో అతికించే అక్షరాల్లోనూ ఇదే రాజ్యమేలింది.

వాడాలనుకునే డిజైనర్లకు ఒక మాట. రెండు మూడు పదాలకు, పెద్ద సైజులో, అక్షరాల మధ్య ఎడం తగ్గించి వాడండి. దుకాణం బోర్డుకు, పిల్లల పుస్తకం అట్టకు, మిఠాయి పొట్లానికి ఇట్టే నప్పుతుంది. పేరాలకు పేరాలు మాత్రం ఇందులో కూర్చకండి, లోపలి ఖాళీలు పూడిపోయి పేజీ అంతా నల్లటి ముద్దలా కనిపిస్తుంది.