పాలమూరు వలస కూలీ: అడ్వాన్సు, మేస్త్రీ, పనిలో నిలకడ

కార్మికుడు ఒక పనిలో ఎంతకాలం నిలుస్తాడు, ఎందుకు మానేస్తాడు అనేది ఉపాధి చరిత్రలో తరచుగా అడిగే ప్రశ్న. పాలమూరుకు వచ్చేసరికి ఈ ప్రశ్నను కొంత మార్చుకోవాలి. ఇక్కడ చాలామందికి మధ్యలో పని మానుకునే వీలే ఉండేది కాదు.

నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. గద్వాల, వనపర్తి నిజాం కాలంలో సంస్థానాలు. కృష్ణా తుంగభద్రల మధ్య నేలను నడిగడ్డ అంటారు. రెండు పక్కలా నదులున్నా చేలు మాత్రం చాలావరకు వానను నమ్ముకున్నవే. వానాకాలం పంట చేతికొచ్చాక చిన్నరైతుకు ఊళ్లో పని దొరకదు. దీనికి తోడు శ్రీశైలం జలాశయంలో కొల్లాపూర్, ఆలంపూర్ ప్రాంతాల గ్రామాలు మునిగి, భూమి ఉన్నవారిలోనూ కొందరు కూలీలయ్యారు.

ఇలాంటి ఇంటికి గుంపు మేస్త్రీ వచ్చేవాడు. అతడు పరాయివాడు కాదు, ఆ ఊరివాడో పక్క ఊరివాడో. పెళ్లికి, వైద్యానికి, పాత అప్పుకు కావలసిన డబ్బు అడ్వాన్సుగా ఇచ్చి, భార్యాభర్తలిద్దరినీ ఆనకట్టలు, కాలువల మట్టిపనికి దూర రాష్ట్రాలకు తీసుకుపోయేవాడు. అక్కడ తిండి ఖర్చులకు మాత్రమే కొంత ఇచ్చేవారు, లెక్క చివర్లో చూసేవారు. మధ్యలో వచ్చేస్తే బాకీ మిగులుతుంది, ఆ బాకీ అడగడానికి మేస్త్రీ ఊళ్లోనే ఉంటాడు. దీన్ని పనిలో నిలకడ అని లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు. పిల్లలూ వెంట పోయేవారు కనుక బడి మధ్యలోనే ఆగిపోయేది. 2011 జనగణనలో నేటి గద్వాల జిల్లా ప్రాంతపు అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. మా సంపర్క తరగతికి వచ్చిన ఒక విద్యార్థి దరఖాస్తులో పుట్టిన ఊరు దగ్గర ఆగిపోయాడు. అతడు పుట్టింది కాలువ గట్టు మీది గుడిసెలో.

చట్టాలు లేక కాదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి పాసుబుక్కు ఉండాలన్నది. నెల కూలీలో సగమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలన్నది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో తీర్పిచ్చింది. అయితే మేస్త్రీ వ్యవహారమంతా నోటిమాట మీద నడిచేది. కాగితమే లేనిచోట అధికారి దేన్ని తనిఖీ చేస్తాడు?

గద్వాల విత్తన పత్తి చేలలోనూ ఈ గొలుసే కనిపిస్తుంది. కంపెనీ నుంచి ఆర్గనైజరుకు, అతని నుంచి రైతుకు అడ్వాన్సు దిగుతుంది. పూలను చేత్తో సంకరం చేసే పనికి ఆడపిల్లలను కుదుర్చుకోవడం అక్కడ ఏళ్ల తరబడి సాగింది.

1995లో జూరాల, ఆ తర్వాత భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతలు కొన్ని గ్రామాల వలసను తగ్గించాయి. కల్వకుర్తి పంపులు తోడేది, ఒకప్పుడు ఊళ్లను ముంచిన శ్రీశైలం నీటినే. 2006లో ఉపాధి హామీ తొలి విడతలోనే ఈ జిల్లాకు వచ్చింది. ఆ పని సమయానికి దొరికి, కూలీ వెంటనే చేతికందిన ఊళ్లో మేస్త్రీ అడ్వాన్సు పెంచక తప్పదు. కూలీ ఆలస్యమైన ఊళ్లో అతడికి ఆ అవసరం రాదు.