మూడు నిమిషాల హద్దు దాటాక

1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డింగు యంత్రం ముందు గాయని గౌహర్ జాన్ పాడారు. గంటసేపు సాగే రాగాన్ని నిమిషాల్లో ముగించి, చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పారు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు సంగీతానికి గ్రామఫోను ప్లేటే గడియారం. పది అంగుళాల ప్లేటు మీద ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలు, అంతే. మన విద్వాంసులూ ఆ కొలతకే ఒదిగారు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత ప్లేట్లు వింటే ఆ కొద్ది సమయంలోనే రాగం నిండుగా నిలబడుతుంది. ఆ నేర్పుకు చేతులెత్తి మొక్కుతాను. అయినా, ముగిసిన ప్రతిసారీ ఇంకాస్త వాయించి ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది.

ఆల్బమ్ ఈ ఇరుకులోంచే పుట్టింది. అరగంట సింఫనీ ఒక ప్లేటులో పట్టదు, నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని కాగితపు సంచుల్లో పెట్టి, ఫొటోల పుస్తకంలా అట్టలు వేసి కుట్టి అమ్మారు. 1909లో ఓడియన్ కంపెనీ చైకోవ్‌స్కీ ‘నట్‌క్రాకర్’ సూట్‌ను నాలుగు ప్లేట్లుగా ఇచ్చింది. తొలి ఆల్బమ్‌లలో అదొకటి. ప్లేట్లు షెల్లాక్‌వి. అందులోని లక్క చాలావరకు మన దేశపు అడవులదే. కిందపడితే పగిలేవి, సూది గీరిన చప్పుడూ ఎక్కువే. అన్నిటికంటే బాధ, మూడు నాలుగు నిమిషాలకోసారి సంగీతం తెగిపోవడం.

1948 జూన్‌లో న్యూయార్క్‌లో కొలంబియా రికార్డ్స్ ఆ తెగులు వదిలించింది. పన్నెండు అంగుళాల వినైల్ ప్లేటు, నిమిషానికి 33⅓ చుట్లు, గాడి బాగా సన్నం. ఒక్కో పక్క ఇరవై నిమిషాల పైమాటే. అదే ఎల్‌పీ, అంటే లాంగ్ ప్లే. మొదటి పన్నెండు అంగుళాల ఎల్‌పీల్లో నాథన్ మిల్‌స్టీన్ వాయించిన మెండెల్‌సన్ వయొలిన్ కాన్చెర్టో ఉంది.

ఆ నిడివి ఏం చేసిందో తెలియాలంటే జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్‌ను వినాలి. ‘మూడ్ ఇండిగో’ 1930లో మూడు నిమిషాల పాట. 1950 డిసెంబరులో అదే పాటను ఆయన పదిహేను నిమిషాలు నడిపించాడు. పాత రూపంలో విషాదం ఒక నిట్టూర్పు. కొత్తదానిలో వాయిద్యం తర్వాత వాయిద్యం ఆ విషాదాన్ని అందుకుని తన గొంతుతో చెబుతుంది. ఇరవై ఏళ్లు లోపల దాచుకున్న మాట ఇప్పటికి పూర్తిగా బయటికొచ్చిందనిపిస్తుంది.

జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959లో రెండు రోజుల రికార్డింగుతో తయారైంది. అందులోని ‘సో వాట్’లో పాల్ చేంబర్స్ బేస్ ఒక ప్రశ్న వేస్తుంది, ట్రంపెట్, శాక్సఫోన్లు రెండే రెండు స్వరాలతో జవాబిస్తాయి. కార్డులు (స్వరాల గుత్తులు) వెంటవెంటనే మారే జాజ్‌ను పక్కనపెట్టి ఒకే స్వరమాలలో చాలాసేపు మసలడం ఇక్కడి పద్ధతి. ఆలాపన విని పెరిగిన చెవికి ఇది పరాయిగా తోచదు. మైల్స్ వదిలే ఖాళీలు నాకు అతడు వాయించిన స్వరాలంత ఇష్టం.

1967లో బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’ వచ్చింది. పాటల మధ్య ఎడం దాదాపు తీసేశారు, అట్ట వెనక సాహిత్యం అచ్చేశారు. రెండో పక్క మొదట్లోనే జార్జ్ హారిసన్ దిల్‌రుబా, తబలాలతో వస్తాడు. నాకు ఆ రికార్డంతటిలో మనసు నిలిచేది అక్కడే. అదే ఏడాది మన దగ్గర ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ విడుదలైంది. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. కాశ్మీర్ గొర్రెల కాపరి జీవితంలో ఒక రోజు ఇందులోని కథ, పొద్దున అహీర్ భైరవ్ రాగంతో మొదలై పహాడీ రాగంతో ముగుస్తుంది. పహాడీని విడిగా వింటే తియ్యగా ఉంటుంది. ఆ రోజంతా నడిచి అక్కడికి చేరితే మాత్రం గొంతు పట్టేస్తుంది. వరస మారిస్తే ఆ అనుభవం ఉండదు.

తెలుగు ఇళ్లలో బహుశా అన్నిటికంటే ఎక్కువసార్లు మోగిన ఎల్‌పీని మనం ఆల్బమ్‌గా తలచుకోం. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతం అది. మేలుకొలుపు, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం, నాలుగు భాగాలు. ఇరవై నిమిషాలంతా ఒకే ధార. పాత ప్లేట్ల మీదైతే మధ్యలో ఆరేడుసార్లు ఆపాల్సి వచ్చేది. పిలుపుతో మొదలైన గొంతు శరణాగతి దగ్గర మెత్తబడి మంగళంలో స్థిరపడుతుంది. ఎన్ని వందలసార్లు విన్నా, ప్రపత్తి దగ్గర ఆ మార్పు నన్ను చేతిలో పని ఆపిస్తుంది. ‘సార్జంట్ పెప్పర్’కు నాలుగేళ్ల ముందే, మొదటి నుంచి చివరిదాకా ఒకే వస్తువుగా వినే అలవాటు మనకు ఆవిడ చేశారు.

క్యాసెట్టు, సీడీ నిడివి పెంచాయి. ఫోనులో వినడం మొదలయ్యాక హద్దే లేదు, దాంతోపాటు వరసా చెదిరింది. 2021 నవంబరులో గాయని అడెల్ తన ‘30’ పాటలు తాను పేర్చిన క్రమంలోనే వినాలని గట్టిగా కోరింది. దాంతో, ఫోనులో పాటలు వినిపించే స్పాటిఫై సంస్థ తన ఆల్బమ్ పేజీల్లో ముందుండే షఫుల్ (కలగలిపి మోగించే) మీటను తీసేసి, మొదటి పాట నుంచి వరసగా మోగించే మీటను పెట్టింది.