పలుదోముపుల్ల నుండి ఫ్లోరైడు వరకు

ప్రాతఃకాలమున దంతధావనము చేయుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన ఆచారము. అందుకు వాడు పుల్ల పండ్రెండంగుళముల నిడివియు, చిటికెనవ్రేలి లావును కలిగియుండవలెనని సుశ్రుత సంహిత విధించినది. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, కారపు చెట్లలో కానుగ, తీపి చెట్లలో ఇప్ప శ్రేష్ఠములని అందు చెప్పబడినది. క్రీ. శ. 7వ శతాబ్దమున నలందలో విద్యాభ్యాసము చేసిన చీనా యాత్రికుడు ఇత్సింగ్ సైతము ఈ అలవాటును తన గ్రంథమున వర్ణించెను. తెలుగునాట వేపపుల్లతో పాటు కచ్చిక, ఉప్పు, బొగ్గుపొడి ఇంటింట వాడుకలో నుండెడివి.

పాశ్చాత్యులు చిరకాలము పంది వెండ్రుకలు గ్రుచ్చిన బ్రష్షులను వాడిరి. 1938లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన నైలాను పోగులతో క్రొత్త బ్రష్షు వెలువడెను. అయితే పుల్లయైనను, బ్రష్షైనను పంటిని అంటిన పాచిని తొలగించునవియే. పంటి పైపొరకు బలము చేకూర్చు పదార్థ మొకటి నీటిలోనే కలదను సంగతి ఇరువదవ శతాబ్దమున గాని లోకమునకు తెలియలేదు.

ఆ సంగతి బయటపడిన విధము విచిత్రమైనది. 1901లో ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున వృత్తి నారంభించెను. అచటి పిల్లల పండ్లపై గోధుమరంగు మరకలుండెను. ఎంత తోమినను అవి పోలేదు. కాని ఆ పండ్లు పుచ్చుట మాత్రము అరుదని మెకే గమనించెను. కారణము త్రాగునీటిలో నున్నదని అతడు ఊహించెను. 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నీటిని పరీక్షించి, అది ఫ్లోరైడని కనుగొనెను. పిదప ట్రెండ్లీ డీన్ అను దంతవైద్యుడు అనేక పట్టణముల నీటిని పరిశీలించి, పది లక్షల భాగముల నీటికి ఒక భాగము ఫ్లోరైడున్నచో మరకలు అంతగా ఏర్పడవనియు, పండ్లు పుచ్చుట తగ్గుననియు నిరూపించెను. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరమున, ప్రపంచమున మొదటిసారిగా, త్రాగునీటిలో ఫ్లోరైడును కలిపిరి. పదునొకండేండ్ల పిమ్మట చూడగా, అటు తరువాత జన్మించిన పిల్లలలో దంతక్షయము నూటికి అరువదికి పైగా తగ్గియుండెను. 1956లో ఫ్లోరైడు కలిపిన క్రెస్ట్ పేస్టు అమెరికా విపణిలో ప్రవేశించెను.

ఈ వృత్తాంతమునకు తెలుగుగడ్డపై మరియొక ముఖము కలదు. అమెరికాలో ఫ్లోరైడు మేలును గూర్చి పరిశోధనలు సాగుచున్న కాలముననే, 1937లో, మద్రాసు రాజధానికి చెందిన షార్ట్, మెక్‌రాబర్ట్ ప్రభృతి వైద్యులు నెల్లూరు జిల్లా పల్లెలలోని ఒక వ్యాధిని లోకమునకు తెలిపిరి. అచటి బావినీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండెను. పసితనమున పండ్లపై మచ్చలతో మొదలైన బాధ, వయసు ముదిరినకొలది ఎముకలకు ప్రాకి, వెన్నెముక బిగిసి, నడుము వంగుటకు దారితీసెను. రాతిపొరలనుండి భూగర్భజలమున ఫ్లోరైడు చేరిన నల్లగొండ జిల్లా సైతము ఇట్టి వ్యథనే అనుభవించెను. ఆ మచ్చలు పన్ను చిగురులోపల రూపొందునపుడే ఏర్పడునవి గాన, వేపపుల్ల గాని, విదేశీ బ్రష్షు గాని వానిని తొలగింపజాలవు.

ఈ కష్టమునకు ప్రతిక్రియగా నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని కలియబెట్టి తేర్చు విధానమును రూపొందించెను. అది నల్లగొండ పద్ధతి యను పేర ఖ్యాతి గాంచినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ తెలంగాణ పల్లెలకు శుద్ధిచేసిన నదీజలమును చేర్చ పూనుకొన్నది. త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదనియు, వేరు నీటి ఆధారము లేనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము నిర్దేశించుచున్నది.

పేస్టులో ఈ పదార్థము పది లక్షల భాగములకు ఇంచుమించు వేయి భాగములుండును. పంటిపై క్షణకాలము నిలిచి ఉమియబడునది గావున అది క్షేమకరము. మ్రింగుట తగదు. అందుచేతనే మూడేండ్లలోపు బిడ్డలకు బియ్యపుగింజంత, ఆరేండ్లలోపు వారికి బఠాణీగింజంత పేస్టు చాలునని వైద్యులు చెప్పుదురు. పాచిని తొలగించుట ఇంటివారి పని. బావినీటిని పరీక్షింపించి, మంచినీటిని సమకూర్చుట ప్రభుత్వపు పని. ఈ రెండును కలిసి జరిగిననాడే పల్లెటూరి బిడ్డ నోరు దాచుకొనకుండ నవ్వగలదు.